సినిమాను సీరియల్‌గా మార్చే టీవీ

కొత్త టీవీ ఇంటికొచ్చిన మొదటి వారంలోనే చాలామందికి ఒక అనుమానం మొదలవుతుంది. 55 అంగుళాల తెర, 4కె స్పష్టత, పాత టీవీలో ఎప్పుడూ కనిపించనన్ని రంగులు. వార్తలు బాగున్నాయి, క్రికెట్ ఇంకా బాగుంది. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కూర్చుని ఇష్టమైన సినిమా పెట్టుకుంటే మాత్రం ఎక్కడో తేడా కొడుతుంది. హీరో నడకలో బరువుండదు, నేలమీద జారిపోతున్నట్టు ఉంటుంది. రాజుగారి కోట సెట్టని ఇట్టే తెలిసిపోతుంది. కోట్లు పోసి తీసిన యుద్ధం చూస్తుంటే, షూటింగ్ జరుగుతుండగా పక్కన నిలబడి ఎవరో తీసిన మేకింగ్ వీడియో గుర్తొస్తుంది. బొమ్మ స్పష్టంగానే ఉంది. సినిమా చూస్తున్నట్టు మాత్రం లేదు.

ఇలా అనిపించినవాళ్లలో ఎక్కువమంది కొత్త టీవీ కదా, అలవాటు కావాలేమోనని సర్దుకుంటారు. సర్దుకోనక్కర్లేదు. వాళ్ల కళ్లు సరిగ్గానే చెబుతున్నాయి. దర్శకుడు తీయని బొమ్మలను టీవీ తనంతట తాను తయారుచేసి, తీసిన బొమ్మల మధ్య ఇరికిస్తోంది. సెకనుకు 24 బొమ్మలుగా తీసిన సినిమాను 60కో 120కో పెంచి చూపిస్తోంది. ఈ పనిని ఇంజినీర్లు మోషన్ ఇంటర్‌పొలేషన్ అంటారు, వాడుకలో మోషన్ స్మూతింగ్. సోనీ టీవీలో దీని పేరు మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్. శామ్‌సంగ్‌లో మొదట ఆటో మోషన్ ప్లస్, తర్వాతి మోడళ్లలో పిక్చర్ క్లారిటీ. మన మార్కెట్‌లో అందుబాటు ధరలకు దొరికే ఎన్నో టీవీల డబ్బాల మీద ఎంఈఎంసీ అనే అక్షరాలను ఒక ఘనతగా అచ్చువేస్తారు. పేరేదైనా పని ఒక్కటే. చాలా టీవీల్లో కొన్న రోజు నుంచే అది ఆన్‌లో ఉంటుంది.

ఈ 24 అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది. మూకీల కాలంలో సినిమాకు స్థిరమైన వేగమంటూ లేదు. కెమెరామన్ చేత్తో హ్యాండిల్ తిప్పేవాడు. సెకనుకు 16 ఫ్రేములు పడొచ్చు, 20 పడొచ్చు. హాల్లో ప్రొజెక్టర్ నడిపేవాడు తన వీలును బట్టి మళ్లీ వేగం పెంచేవాడు, తగ్గించేవాడు. కంటికి ఈ తేడాలు పెద్దగా పట్టవు. చెవి అలా ఊరుకోదు. వేగం కాస్త మారినా మాట గొంతు మారుతుంది, పాట శ్రుతి తప్పుతుంది. 1927లో ‘ద జాజ్ సింగర్’ విడుదలయ్యాక హాలీవుడ్ మొత్తం టాకీల వైపు మళ్లినప్పుడు అందరికీ ఒకే వేగం తప్పనిసరైంది. వేగం పెంచితే శబ్దం మెరుగవుతుంది, ఫిల్ము ఖర్చు పెరుగుతుంది. తగ్గిస్తే డబ్బు మిగులుతుంది, శబ్దం చెడుతుంది. రెండింటి మధ్య కుదిరిన రాజీయే సెకనుకు 24 ఫ్రేములు.

లెక్క చూస్తే ఆ రాజీ విలువ తెలుస్తుంది. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు పడతాయి. అంటే సెకనుకు అడుగున్నర, నిమిషానికి 90 అడుగులు, రెండున్నర గంటల సినిమాకు 13,500 అడుగులు. ఇది తెరమీద ఒక్కసారి ఆడించడానికి పట్టే ఫిల్ము మాత్రమే. షూటింగ్‌లో ఖర్చయ్యేది దీనికి ఎన్నో రెట్లు. ప్రతి అడుగూ నిర్మాత జేబులోంచే రావాలి కాబట్టి ఆ అంకె అక్కడే నిలిచిపోయింది. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ రోజుల నుంచి ఇవాళ్టి డిజిటల్ కెమెరాల దాకా మన సినిమా కూడా ఈ వేగంతోనే నడిచింది. ఫిల్ము పోయింది, దాని ఖర్చూ పోయింది. 24 మాత్రం పోలేదు.

ఎందుకు పోలేదన్నదే అసలు విషయం. ఖర్చు కోసం కుదుర్చుకున్న రాజీ ఈ వందేళ్లలో సినిమా భాషగా మారిపోయింది. మామూలుగా కెమెరా ఒక్కో ఫ్రేమును సెకనులో 48వ వంతు సేపు వెలుతురుకు తెరిచి ఉంచుతుంది. ఆ కాస్త సమయంలో కదిలిన చెయ్యి, ఎగిరిన కొంగు ఫ్రేములో కొంచెం చెదురుతాయి. ఒక్క ఫ్రేమును ఆపి చూస్తే ఆ మసక లోపంలా కనిపిస్తుంది కానీ, సినిమా నడుస్తున్నప్పుడు ఒక బొమ్మను ఇంకో బొమ్మతో కలిపేది అదే. ఛాయాగ్రాహకులు ఈ పరిమితిని లోతుగా చదువుకున్నారు. కెమెరాను పక్కకు తిప్పేటప్పుడు ఒక వస్తువు తెర ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి కనీసం ఏడు సెకన్లు పట్టాలని వాళ్లలో ఒక పాత సూత్రం ఉంది. అంతకన్నా వేగంగా తిప్పితే బొమ్మ అదురుతుంది.

ఆ అదురే కావాలనుకున్నప్పుడు దాన్నీ వాడుకుంటారు. 1998లో వచ్చిన ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’లో ఒమాహా సముద్రతీరం మీద జరిగే యుద్ధం చూసినవాళ్లు మరిచిపోలేరు. దర్శకుడు స్పీల్‌బర్గ్, ఛాయాగ్రాహకుడు యానుష్ కమిన్‌స్కీ అక్కడ షటర్ తెరుచుకునే సమయాన్ని బాగా తగ్గించేశారు. మసక తగ్గింది. ఎగిరే ఇసుక, పడే మట్టిపెళ్లలు విడివిడిగా, కరుకుగా కనిపించాయి. సైనికుల కదలికల్లో ఒక తత్తరపాటు వచ్చింది. చూసేవాడికి ఊపిరాడనివ్వనిది ఆ కరుకుదనమే. అదే దృశ్యాన్ని స్మూతింగ్ ఆన్‌లో ఉన్న టీవీలో చూస్తే, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య కావాలని వదిలిన ఖాళీలన్నింటినీ టీవీ పూడ్చేస్తుంది. ఇద్దరు గొప్ప కళాకారులు ఆలోచించి చేసిన పనిని ఒక చిప్ తప్పు అనుకుని దిద్దేస్తుంది. ఇది చిన్న విషయం కాదు.

టీవీ పుట్టుక వేరు. దాని వేగాన్ని నిర్ణయించింది కరెంటు. మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్‌లో నడుస్తుంది కాబట్టి, మనం ఎంచుకున్న పాల్ పద్ధతిలో టీవీ బొమ్మ సెకనుకు 50 సార్లు, ప్రతిసారీ సగం సగం గీతలుగా మారేది. స్టూడియోలోని వీడియో కెమెరా కూడా కదలికను సెకనుకు 50 సార్లు పట్టుకునేది. అందుకే వార్తలు, క్రికెట్, స్టూడియో కార్యక్రమాలు ఎప్పుడూ జారుడుగా, అప్పుడే ఎదురుగా జరుగుతున్నట్టుగా కనిపిస్తాయి. అమెరికాలో పగటిపూట వచ్చే సోప్ ఒపేరా సీరియళ్లను ఇలాంటి వీడియో కెమెరాలతోనే తీసేవారు. కొత్త టీవీలో సినిమా పెట్టి అక్కడివాళ్లు చేసిన మొదటి ఫిర్యాదు, ఇది సీరియల్‌లా ఉందేమిటని. అక్కడ దీనికి సోప్ ఒపేరా ఎఫెక్ట్ అన్న పేరు స్థిరపడింది కూడా అందుకే. తరాల తరబడి చూసిన అలవాటు వల్ల 24 ఫ్రేముల కదలిక కనిపిస్తే మెదడు కథ వినడానికి సిద్ధమవుతుంది. 50, 60 ఫ్రేముల కదలిక కనిపిస్తే నిజంగా జరుగుతున్నదేదో చూడటానికి సిద్ధమవుతుంది. స్మూతింగ్ ఈ రెండింటినీ కలగాపులగం చేస్తుంది.

సినిమాకూ టీవీకీ ఈ వేగం తగాదా కొత్తది కాదు. పాల్ పద్ధతి ఉన్న దేశాల్లో సినిమాను టీవీలో వెయ్యాలంటే 24 ఫ్రేములను 25 వేగంతో నడిపేసేవారు. నాలుగు శాతం తొందర. 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోయేది. సరిచేయకపోతే పాటల శ్రుతి కూడా ఆ మేరకు పైకి వెళ్లేది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి ఒక ఫ్రేమును మూడుసార్లు, తర్వాతి ఫ్రేమును రెండుసార్లు చూపి 24ను 60లో సర్దేవారు. ఇప్పుడు మన ఇళ్లలోని 60 హెర్ట్జ్ టీవీలు 24 ఫ్రేముల సినిమా వచ్చినప్పుడు చేసే పని కూడా ఇదే. అందుకే కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే దృశ్యాల్లో బొమ్మ తడబడుతుంది. 120 హెర్ట్జ్ టీవీకి ఈ బాధ లేదు. 120ని 24 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి ప్రతి ఫ్రేమునూ సరిగ్గా ఐదుసార్లు చూపితే సరిపోతుంది. కొత్త బొమ్మ ఒక్కటీ కల్పించనక్కర్లేదు.

మరి కంపెనీలు ఈ కల్పన ఎందుకు మొదలుపెట్టాయి? న్యాయంగా చెప్పాలంటే, ఒక నిజమైన జబ్బుకు మందుగానే. పాత పిక్చర్ ట్యూబు టీవీలో బొమ్మ ఒక్క క్షణం మెరిసి ఆరిపోయేది. ఎల్‌సీడీ తెర అలా కాదు. తర్వాతి ఫ్రేము వచ్చేదాకా ఉన్న బొమ్మను కదలకుండా పట్టుకుని ఉంటుంది. బంతి బౌండరీ వైపు పరిగెడుతుంటే మన కన్ను దాని వెంట సాఫీగా కదులుతుంది. తెరమీది బొమ్మ మాత్రం ఆగి, దూకి, ఆగి, దూకి వెళుతుంది. ఈ పొసగనితనం కంట్లో మసకగా తేలుతుంది. తొలినాళ్ల ఎల్‌సీడీల్లో క్రికెట్ బంతి వెనుక తోక కనిపించిందంటే కారణాల్లో ఇదొకటి. మధ్యలో ఇంకో బొమ్మ చేర్చి దూకుళ్లను చిన్నవి చేస్తే మసక తగ్గుతుంది. ఫిలిప్స్ కంపెనీ 1990ల్లోనే ఇలాంటి విద్యను ట్యూబు టీవీల్లో పెట్టింది. ఎల్‌సీడీలు వచ్చాక అది అందరికీ అవసరమైంది. ఆటల కోసం పుట్టిన మందును సినిమాకూ పోయడంతోనే గొడవ వచ్చింది.

మధ్యలోని బొమ్మను టీవీ ఎలా సృష్టిస్తుంది? ఒక ఫ్రేమును, దాని తర్వాతి ఫ్రేమును పక్కపక్కన పెట్టుకుని, రెండింటినీ చిన్న చిన్న గడులుగా విడగొడుతుంది. మొదటి బొమ్మలోని ఫలానా గడి రెండో బొమ్మలో ఎక్కడికి జరిగిందో వెతుకుతుంది. దొరికితే, సగం దారిలో అది ఎక్కడ ఉండి ఉంటుందో లెక్కగట్టి అక్కడ దాన్ని గీస్తుంది. రెండు చుక్కలు కనబడితే మధ్య గీత ఎలా పోవాలో ముగ్గు తెలిసిన చెయ్యి ఊహించుకున్నట్టే ఇదీ. తేడా ఏమిటంటే చెయ్యికి ముగ్గు తెలుసు. టీవీకి తాను చూస్తున్నది మనిషో, గోడో, నీళ్లో తెలియదు. దానికి గడులే తెలుసు.

అందుకే కొన్నిచోట్ల దాని ఊహ బెడిసికొడుతుంది. నీళ్లు అందులో మొదటివి. ‘బాహుబలి: ద బిగినింగ్’లో ఆకాశం నుంచి దూకుతున్నట్టుండే జలపాతాన్ని తలుచుకుంటే, ఒక గడిలోని నురుగు తర్వాతి ఫ్రేములో అదే ఆకారంలో ఎక్కడా దొరకదు. వెతికే చిప్‌కు ఆధారం ఉండదు. కేరళలోని అతిరప్పిళ్లి జలపాతం దగ్గర తీసిన దృశ్యాలకు గ్రాఫిక్స్ జోడించి ఆ కొండంత ధారను నిర్మించారు. అంత కష్టపడి కట్టిన భ్రమలో టీవీ తన సొంత గీతలు కలిపితే నీళ్లు జిగటగా, బొంతలుగా తోచే ప్రమాదముంది. రెండోది వేగంగా అడ్డం వచ్చే ఆకారాలు. ‘ఆర్ఆర్ఆర్’లోని ‘నాటు నాటు’ పాటను 2021 ఆగస్టులో కీవ్‌లోని మరీన్‌స్కీ ప్యాలెస్ ముందు తీశారు. ఎన్టీఆర్, రామ్‌చరణ్ ఒకే రకం దుస్తుల్లో, పక్కపక్కన, ఒకే క్షణంలో కాళ్లు విసురుతారు. ఇద్దరి కాళ్లూ ఒకేలా కదలాలన్న పట్టుదలతో ప్రేమ్ రక్షిత్ కూర్చిన నాట్యం అది. ఒకేలాంటి నాలుగు కాళ్లు, మధ్యలో లేచే దుమ్ము. ఏ కాలు ఎక్కడికి వెళ్లిందో పోల్చుకోలేక చిప్ తప్పు గీసిందంటే, కాళ్ల చుట్టూ సన్నని మెరుపులాంటి వలయం, అంచుల దగ్గర చిరుగులు కనిపిస్తాయి. ఆ పాటకు ప్రాణం కాళ్లలోనే ఉంది. టీవీ తడబడేదీ అక్కడే.

ఇంకో సంగతి కూడా కంపెనీల చేతలే చెబుతాయి. మధ్య బొమ్మ గీయాలంటే తర్వాతి ఫ్రేము చేతికొచ్చేదాకా ఆగాలి. అందువల్ల బొమ్మ కాస్త ఆలస్యమవుతుంది. వీడియో గేములు ఆడేవాళ్లకు ఆ ఆలస్యం గిట్టదు కాబట్టి, గేమ్ మోడ్ పెట్టగానే టీవీ సాధారణంగా స్మూతింగ్‌ను తనే ఆపేస్తుంది. గేము ఆడేవాడి అవసరాన్ని ఇంతగా గుర్తించినవాళ్లు సినిమా చూసేవాడి అవసరాన్ని గుర్తించడానికి చాలాకాలం తీసుకున్నారు.

గుర్తించేలా చేసింది సినిమావాళ్లే. 2014లో అమెరికన్ ఛాయాగ్రాహకురాలు రీడ్ మొరానో టీవీ కంపెనీలకు ఆన్‌లైన్‌లో ఒక విన్నపం పెట్టారు. స్మూతింగ్‌ను తీసెయ్యమని ఆమె అడగలేదు. కొన్న రోజునుంచే ఆన్‌లో ఉంచవద్దని మాత్రమే అడిగారు. 2018 డిసెంబరులో టామ్ క్రూజ్ ‘టాప్ గన్: మావెరిక్’ షూటింగ్ మధ్యలో, ఆ సినిమా రచయితల్లో ఒకరైన క్రిస్టఫర్ మెక్వారీని పక్కన నిలబెట్టుకుని ఒక చిన్న వీడియో చేసి ట్విటర్‌లో పెట్టారు. ఇంట్లో సినిమా చూసేముందు టీవీలో ఈ సెట్టింగ్‌ను ఎలా ఆపుకోవాలో చెప్పడానికి. విమానాలకు వేలాడుతూ, భవనాల మీద నుంచి దూకుతూ ప్రాణం పణంగా పెట్టి తీసిన దృశ్యాలు ఇళ్లలో ఎలా కనబడుతున్నాయోనని ఆ నటుడు పడిన బాధ అర్థం చేసుకోదగినదే. ఆ వీడియోతో ఈ విషయం ప్రపంచమంతా సామాన్య ప్రేక్షకుడి చెవిన పడింది.

మరుసటి ఏడాది, 2019 ఆగస్టులో, టీవీ కంపెనీలు, స్టూడియోలు కలిసి నడిపే యూహెచ్‌డీ అలయన్స్ అనే సంస్థ ఫిల్మ్‌మేకర్ మోడ్‌ను ప్రకటించింది. మార్టిన్ స్కోర్సెసే, క్రిస్టఫర్ నోలన్, ప్యాటీ జెన్‌కిన్స్, రియాన్ జాన్సన్ వంటి దర్శకులు దాని వెనుక నిలబడ్డారు. అది పెడితే స్మూతింగ్ ఆగుతుంది, బొమ్మను అతిగా పదునుపెట్టడం ఆగుతుంది, రంగులు స్టూడియోలో చూసిన రంగులకు దగ్గరగా వస్తాయి, సినిమా ఆకారం మారదు. ఎల్‌జీ, పానసోనిక్, విజియో మొదట ఒప్పుకున్నాయి, 2020 జనవరిలో శామ్‌సంగ్ వంటివి చేరాయి. రిమోట్‌లో ఒక్క ఎంపికతో అన్నీ కుదురుకునే ఏర్పాటు ఇది. అయితే అది కూడా మనం వెతికి పెట్టుకుంటేనే వస్తుంది. కొత్త టీవీ తెరిచిన ఇంట్లో దాని పేరు ఎవరూ చెప్పరు.

ఎదుటి వాదన కూడా వినాలి. ఎక్కువ ఫ్రేములంటేనే చెడ్డ అన్నమాట కాదు. పీటర్ జాక్సన్ 2012లో ‘ద హాబిట్’ మొదటి భాగాన్ని సెకనుకు 48 ఫ్రేములతో తీశారు. మేకప్పు, సెట్టు ఇట్టే పట్టుబడిపోతున్నాయని చాలామంది విమర్శకులు పెదవి విరిచారు. ఆంగ్ లీ ఇంకా ముందుకెళ్లి 2016లో ‘బిల్లీ లిన్స్ లాంగ్ హాఫ్‌టైమ్ వాక్’ను 120 ఫ్రేములతో, త్రీడీలో, 4కెలో తీశారు. దాన్ని ఆ రూపంలో పూర్తిగా చూపగల థియేటర్లు ప్రపంచంలో అప్పటికి ఐదే దొరికాయి. జేమ్స్ కామెరాన్ 2022లో ‘అవతార్: ద వే ఆఫ్ వాటర్’లో దీనికి ఒక తెలివైన దారి చూపారు. నీటి అడుగున, గాల్లో ఎగిరేటప్పుడు 48 ఫ్రేములు, పాత్రలు కూర్చుని మాట్లాడుకునేటప్పుడు 24 ఫ్రేముల తీరు. ఎక్కడ ఏది కావాలో ఆయన దృశ్యం దృశ్యానికీ ఎంచుకున్నారు. ఈ ముగ్గురూ తీసింది నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. కానీ ఆ ఫ్రేములన్నీ వాళ్లు తీసినవి. కాంతిని, మేకప్పును, నటనను ఆ వేగానికి తగ్గట్టు మలుచుకుని తీసినవి. టీవీ కల్పించే ఫ్రేముల వెనుక అలాంటి ఆలోచన ఏదీ లేదు.

ఓఎల్ఈడీ తెరల సంగతి మాత్రం కొంచెం వేరు. వాటి చుక్కలు కన్నుమూసి తెరిచేలోగా రంగు మార్చేస్తాయి. ఆ చురుకుదనం వల్లే 24 ఫ్రేముల సినిమాలో వెలుతురు ఎక్కువున్న దృశ్యాలు కొందరికి మరీ కుదుపుగా తోస్తాయి. అలాంటివాళ్లు స్మూతింగ్‌ను పూర్తిగా ఆపకుండా కనిష్ఠ స్థాయిలో ఉంచుకుంటే తప్పు పట్టాల్సిన పని లేదు. 60 ఫ్రేముల ఆటలతో, ఫోను వీడియోలతో పెరిగిన పిల్లలకు స్మూతింగే నచ్చవచ్చు కూడా. అది వాళ్ల అభిరుచి. తెలిసి ఎంచుకుంటే అభిరుచి అనాలి. షోరూమ్‌లో ఎవరో నొక్కి వదిలేసిన బటన్‌ను అభిరుచి అనలేం.

షోరూమ్ అసలు ఇల్లులాంటి చోటు కాదు. ట్యూబులైట్ల వెలుగులో పది టీవీలు వరుసగా వెలుగుతుంటాయి, ఏది ఎక్కువ మెరిస్తే దాని ముందు ఆగుతాం. అందుకే టీవీలో వివిడ్ అనో డైనమిక్ అనో ఒక మోడ్ ఉంటుంది. అందులో తెలుపు నీలం వైపు జరుగుతుంది, ఎందుకంటే నీలం కలిసిన తెలుపు మరింత వెలుగుతున్నట్టు కంటికి తోస్తుంది. రంగులు దిద్దే స్టూడియోల్లో తెలుపుకు ప్రమాణం 6,500 కెల్విన్ దగ్గరి పగటి వెలుగు. టీవీ మెనూలో దానికి దగ్గరగా ఉండేది వార్మ్ అనే ఎంపిక. పెట్టిన మొదటి రోజు పసుపుపచ్చగా ఉందనిపిస్తుంది, వారంలో కన్ను కుదురుకుంటుంది. ఆ తర్వాత పాత మోడ్‌కు తిరిగి వెళ్లి చూస్తే మనుషుల మొహాలు పాలిపోయినట్టు కనిపిస్తాయి. పాత సినిమాలకు ఇంకో గండం నాయిస్ రిడక్షన్. ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్‌లే సృష్టించిన వెన్నెలలో ఫిల్ము రేణువులు కూడా భాగమే. ఈ సెట్టింగ్ వాటిని దుమ్మని భ్రమపడి తుడిచేస్తుంది, దాంతోపాటు చర్మం మీది వివరమూ పోయి సావిత్రి ముఖం నున్నబడుతుంది.

వెలుతురు సెట్టింగులు ఎంత ముఖ్యమో 2019 ఏప్రిల్‌లో లోకమంతటికీ తెలిసొచ్చింది. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ చివరి సీజన్‌లో ‘ద లాంగ్ నైట్’ అనే యుద్ధఘట్టం వచ్చినప్పుడు, ఏమీ కనిపించలేదని ఎంతోమంది మొత్తుకున్నారు. ఛాయాగ్రాహకుడు ఫేబియన్ వాగ్నర్ ఆ చీకటి ఉద్దేశపూర్వకమేనని, ఇళ్లలో టీవీలు సరిగా అమర్చుకోకపోవడమూ ఒక కారణమని సమాధానమిచ్చారు. ప్రసారంలో బొమ్మను కుదించడం వల్ల చీకటి భాగాలు మరింత చెడ్డాయన్నదీ నిజం. మన దేశంలో హాట్‌స్టార్ ప్రేక్షకులకు అది సోమవారం ఉదయం అందింది. కిటికీల్లోంచి ఎండ పడుతుంటే రాత్రి యుద్ధం చూడాల్సి వచ్చింది. చీకటి సినిమాకు చీకటి గది కావాలన్నది థియేటర్ వాళ్లకు మొదటి నుంచీ తెలిసిన సంగతి.

ఆకారం గురించి తెలుగువాళ్లు మరింత పట్టుదలగా ఉండాలి. 1974లో కృష్ణ ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగుకు తొలి సినిమాస్కోప్ తెచ్చారు. ఎత్తు ఒకటైతే వెడల్పు దానికి రెండుంపావుకు పైగా ఉండే తెర అది. మన్యం కొండలు, వాటి మధ్య గుంపులుగా కదిలే జనం పట్టాలంటే ఆ వెడల్పు కావాలి. పాత, దాదాపు చతురస్రాకారపు టీవీలో నిండుగా చూపడానికి రెండు పక్కలా కోసేస్తే ఐదింట రెండు వంతుల బొమ్మకు పైగా పోయేది. ఇప్పటి టీవీల 16:9 ఆకారంలో నింపినా దాదాపు పావు వంతు పోతుంది. పైనా కిందా నల్ల పట్టీలు వస్తే డబ్బు పెట్టి కొన్న తెర వృథా అవుతోందని కొందరు జూమ్ నొక్కుతారు. ఆ పట్టీలు ఉన్నప్పుడే బొమ్మ మొత్తం ఉన్నట్టు లెక్క. నలుపు తెలుపు సినిమాలకు దీనికి తిరగబడ్డ అన్యాయం జరుగుతుంది. వాటిని అడ్డంగా సాగదీసి తెర నింపితే ఎన్టీఆర్, ఏఎన్నార్ మూడోవంతు లావెక్కిపోతారు. పక్కల నల్ల పట్టీలు ఉండనిస్తే వాళ్లు వాళ్లలా ఉంటారు.

బొమ్మ సంగతి అలా ఉంచితే, మాటలు వినబడవు, పాట రాగానే ఇల్లదిరిపోతుందన్న ఫిర్యాదు కూడా ఇంటింటా ఉన్నదే. 5.1 ధ్వనిలో సంభాషణలను ఎక్కువగా మధ్య స్పీకర్‌కు కేటాయిస్తారు. పలచని టీవీలో సాధారణంగా మధ్య స్పీకర్ ఉండదు, ఉన్న రెండూ నేలకో గోడకో తిరిగి ఉంటాయి. సౌండ్ మెనూలో మాటల్ని పెంచే ఎంపిక ఉంటే అది కొంత ఆదుకుంటుంది, మంచి సౌండ్‌బార్ ఇంకా బాగా ఆదుకుంటుంది.

ఒకసారి సరిచేసుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఇవాళ్టి టీవీ ఇంటర్నెట్‌కు అతుక్కుని ఉంటుంది, కంపెనీ పంపే అప్‌డేట్‌తో రాత్రికి రాత్రి మారగలదు. 2024లో అమెరికాలో రోకు సాఫ్ట్‌వేర్‌తో నడిచే టీవీలు వాడే కొందరికి అప్‌డేట్ తర్వాత స్మూతింగ్ ప్రత్యక్షమైంది, దాన్ని ఆపే ఎంపిక వాళ్లకు కనిపించలేదు. ఫిర్యాదులు వెల్లువెత్తాక కంపెనీ పరిశీలిస్తున్నామని చెప్పింది. 2025 సెప్టెంబరులో డాల్బీ సంస్థ ప్రకటించిన డాల్బీ విజన్ 2 అనే చిత్ర ప్రమాణంలో మాత్రం ఆశ పెట్టుకోదగిన అంశం ఒకటుంది. ఏ షాట్‌లో కుదుపును ఎంత తగ్గించాలో సినిమా తీసినవాళ్లే నిర్ణయించి, ఆ సూచనను సినిమాతోపాటు పంపవచ్చు. కామెరాన్ థియేటర్‌లో చేసిన ఎంపికను ఇంటిదాకా తేవడం ఇది. మన ఛాయాగ్రాహకులు, హైదరాబాద్‌లో రంగులు దిద్దే నిపుణులు దీన్ని తొందరగా చేతిలోకి తీసుకోవాలి. లేకపోతే ఆ నిర్ణయం మళ్లీ టీవీ కంపెనీ చేతిలోనే ఉండిపోతుంది.

ఈలోపు ఇంట్లో చేసుకోగలిగింది చాలానే ఉంది. సెట్టింగ్స్‌లో పిక్చర్ విభాగానికి వెళ్లి ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది, లేకపోతే సినిమా లేదా మూవీ మోడ్ ఎంచుకోవాలి. తర్వాత మోషన్, క్లారిటీ, ఎంఈఎంసీ పేర్లతో ఏదైనా ఇంకా ఆన్‌లో ఉందేమో వెతికి ఆపాలి, ఎందుకంటే కొన్ని టీవీల్లో సినిమా మోడ్ పెట్టినా అది పనిచేస్తూనే ఉంటుంది. రంగుల ఉష్ణోగ్రతను వార్మ్‌కు, ఆకారాన్ని ఒరిజినల్‌కో జస్ట్ స్కాన్‌కో మార్చాలి. క్రికెట్ కోసం వేరే మోడ్‌లో స్మూతింగ్ ఉంచుకున్నా నష్టం లేదు. మార్పు చూసుకోవడానికి కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే ఒక దృశ్యాన్ని ముందు స్మూతింగ్‌తో, తర్వాత అది లేకుండా చూస్తే చాలు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. చాలా టీవీలు ఈ సెట్టింగులను ఒక్కో దారికి విడివిడిగా దాచుకుంటాయి. సెట్‌టాప్ బాక్స్ పెట్టి మార్చినది టీవీలోని ఓటీటీ యాప్‌లకు వర్తించకపోవచ్చు, మామూలు సినిమాకు మార్చినది వెలుగునీడల తేడాను మరింతగా చూపే హెచ్‌డీఆర్ సినిమాకు వర్తించకపోవచ్చు. డాల్బీ విజన్ ముద్ర ఉన్న సినిమా మొదలైనప్పుడు మెనూ తెరిచి మరోసారి చూసుకోవాల్సిందే.